సగం ఊపిరి మనిషి

...అంటే ఊపిరి తీసుకోవడమనేది ఇక మనిషి సొంత ఇష్టానికి వదిలిపెట్టదగ్గ పని కాదు. లా పాజ్ నగర శ్వాస పర్యవేక్షణ విభాగం ఈ సత్యాన్ని నాకంటే ముందే కనుక్కుంది. నేను ఆలస్యంగానైనా మనస్ఫూర్తిగా ఏకీభవించాను. ఈ కొండ మీద గాలి ఎలాగూ పొదుపుగానే దొరుకుతుంది. దాన్ని నాలాంటివాడి చేతికి అప్పగించడం బాధ్యతారాహిత్యం.

నగర కార్యాలయంలో మా గుమాస్తాలందరికీ తలా ఒక చొక్కా ఇచ్చారు. దాని నేతలోనే ఊపిరిని కొలిచే దారాలున్నాయి. సవ్యంగా పీలిస్తే కాలరు దగ్గర పచ్చ దీపం, లేకపోతే ఎర్ర దీపం. (నిట్టూర్పుకు ముందస్తు అనుమతి కావాలి. ఆవలింతకు భోజనం తర్వాత మాత్రమే మినహాయింపు.)

నా గుండెల మీద అంత శ్రద్ధ పెట్టినవాళ్లు అంతవరకూ లేరు. ఒంటరిగా అన్నం తింటూ పచ్చ దీపం కోసం పొట్ట నిండా పీల్చేవాణ్ణి. దిగులుగా అనిపిస్తే కాలరు వైపు చూసుకునేవాణ్ణి. పచ్చగా ఉంటే అది దిగులు కాదని తేలిపోయేది.

శనివారాలు మాత్రం ఎర్రదీపమే. పర్యవేక్షకురాలు దోన్యా గ్రిసెల్దా పిలిపించింది.

"నికనోర్ గారూ, మీ ఊపిరి సగమే వస్తోంది. కాసేపు ఊదుతారు, ఆగిపోతారు. ఏమిటిది?"

"శనివారాలు సికు వాయిస్తానండీ. వెదురు గొట్టాల వాద్యం. నా దాంట్లో పాటలోని సగం స్వరాలే ఉంటాయి. మిగతా సగం హిలారియోన్ దగ్గర. అతను ఊదేటప్పుడు నేను ఆగాలి."

"మరి మిగతా సగం ఊపిరి?"

"అదీ అతని దగ్గరే."

"అయితే ఆయన్నీ పట్టుకురండి. ఇద్దర్నీ కలిపి ఒక పూర్తి మనిషిగా రాసేస్తాను. వైద్య బీమా మాత్రం ఒక్కరికే. ఎవరికో మీలో మీరే తేల్చుకోండి."

హిలారియోన్ కరెంటు పనివాడు. చొక్కా లేదు. కాబట్టి అతను ఊపిరి తీసుకుంటున్నట్టు ఎక్కడా ఆధారం లేదు. ఆధారం లేనివాణ్ణి నాతో కలపడం కుదరదని తేలాక, నేను ఊదడాన్ని నిషేధించారు. ఇంకొక్క ఎర్ర దీపం వెలిగితే బీమా రద్దు.

మర్నాడు మా వీధి మరియమ్మ పండగ. ఆ సాయంత్రమే సాధనకని హిలారియోన్ వాళ్ల మేడ మీదికి వెళ్లాను, ఊదనని చెప్పడానికి.

"ఓహో! రేపు అమ్మ ముందు నేనొక్కణ్ణే నిలబడితే, పళ్లూడిన ముసలాడు జపం చేసినట్టుంటుంది రా! నీ సగం ఎవడు ఊదుతాడు? నీ చొక్కానా?"

"బీమా పోతుందన్నా."

"పోనీకుండా కాపాడుకో. కాపాడుకుని ఏం చేస్తావు? కాలరు చూసుకుంటూ కూర్చుంటావా?"

కూర్చుంటాను. ఆ మాట అతనికి తెలియడమే అవమానం.

అతను తన సగం మొదలుపెట్టాడు. ఒక స్వరం, తర్వాత ఖాళీ. మళ్లీ స్వరం, మళ్లీ ఖాళీ. ఆ ఖాళీలన్నీ నా కొలతకు కుట్టినట్టున్నాయి. కాలరు పచ్చగా వెలుగుతోంది.

చొక్కా విప్పాను. బట్టల తీగ మీద రెండు క్లిప్పులు పెట్టి ఆరేశాను. కొండగాలి దాని పొట్టలోకి దూరి నింపింది, వదిలింది, మళ్లీ నింపింది. ఫోను మోగింది. దోన్యా గ్రిసెల్దా: "అద్భుతం నికనోర్ గారూ! మీరు చేరినప్పటినుంచి ఇదే మీ ఉత్తమ శ్వాస."

నాకంటే బాగా బతుకుతున్నవాణ్ణి తీగ మీదే వదిలేసి, చలికి వణుకుతూ, నా స్వరం ఊదాను.