మీటరుగారి కరెంటు కంచె

మా ఆవిడకి చదివే జబ్బుంది. మందుసీసా మీద అంటించిన కాగితం, అగ్గిపెట్టె మీది అక్షరాలు, కుక్కరుతో పాటు వచ్చిన పుస్తకం, ఏదీ వదలదు. నాకా జబ్బు లేదు. పదిహేడేళ్లుగా ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదువుతున్నవాణ్ణి, ఇంటికొచ్చాక అక్షరం కనబడితే కళ్లు మూతలు పడతాయి. మా హాల్లో గోడకి నా ప్రశంసాపత్రం వేలాడేది, మీరూ చూసే ఉంటారు, ‘ఒక్క తప్పు రీడింగు లేని ఉద్యోగి’ అని. దాన్ని కూడా నేను మొదటి లైను దాటి చదవలేదు. ఆ లైను చాలనిపించింది.

ఇప్పుడిది ఎందుకంటే, వారం రోజులుగా మీరందరూ నేను కనబడగానే నాలుకతో ‘టక్, టక్’ అని చప్పుడు చేస్తున్నారు. దర్జీ చెప్పిన కథ విని ఉంటారు. చొక్కాకి రెండు చేతులూ ఒక్క పొడవున కుట్టడం చేతకానివాడు చెప్పిన కథ అది. అసలు కథ నా దగ్గర వినండి.

మా పెరట్లో తొమ్మిది పెట్టలు, ఒక పుంజు, ఒక మేక ఉన్నాయి. అన్నీ మా ఆవిడవే. పిల్లలుగా ఉన్నప్పటి నుంచి అరచేతిలో గింజలు పోసి పెంచింది. పెళ్లయి పద్నాలుగేళ్లయినా నాకెప్పుడూ అరచేతిలో ఏమీ పెట్టలేదు, అది వేరే సంగతి. పుంజు పేరు ఆఫీసరు. పని చేయదు, పొద్దున్నే అరుస్తుంది, అందరికంటే ముందు తింటుంది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను.

పెరటికి అవతల దర్జీగారి ఆకుకూరల మడి ఉంది. మా కోళ్లకి ఇంటి గింజ చేదు, పొరుగింటి ఆకు తీపి. మూడుసార్లు వెళ్లి మడంతా గీకి పెట్టాయి. మూడోసారి ఆయన మెడలో టేపు తీయకుండానే వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు.

“చెల్లెమ్మా, వచ్చే ఆదివారం దాకా ఆగుతాను. ఈలోగా ఒక్క కోడి ఇటు దాటినా, ఆదివారం పొద్దున నేనే కోళ్ల కొట్టువాణ్ణి వెంటబెట్టుకొస్తాను. అన్నీ అమ్మేయాలి. ఇక నా వల్ల కాదు.”

మా ఆవిడ వెళ్లి గూడు పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఒక పెట్ట వచ్చి ఆమె ఒళ్లోకెక్కి ముడుచుకుంది. అది చూసి నాకు నిజంగానే జాలేసింది. జాలేసినప్పుడల్లా నాకు తెలివి పుట్టుకొస్తుంది. నా కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి.

“ఏముందండీ, ఒకవైపు రెక్క ఈకలు కత్తిరిస్తే ఎగరలేవు. గోడ కూలిన చోట కట్టిన పాత ఇనపవల అడుగున రాళ్లు పేరిస్తే దూరలేవు,” అంది మా ఆవిడ.

“రాళ్లూ కత్తెరలూ. ఏ కాలంలో ఉన్నావు నువ్వు? కరెంటు కంచె వేస్తాను. ముక్కు తగిలిందంటే జన్మలో మళ్లీ అటు చూడవు.”

“కరెంటు గురించి మీకేం తెలుసు?”

“ఊళ్లో సగం మీటర్లు నా కళ్ల ముందే తిరిగాయి.”

“తిరుగుతుంటే చూశారు. మీరు తిప్పలేదు కదా.”

ఇలాంటి మాటలకి జవాబు చెబితే మన స్థాయి తగ్గుతుంది. మర్నాడు సోమవారమే కొనుక్కొచ్చాను. నడుమెత్తు వల, దాని దారాల్లో సన్నటి తీగలు, మధ్య మధ్య నేలలో గుచ్చడానికి ప్లాస్టిక్ కర్రలు. బ్యాటరీతో నడిచే ఒక పెట్టె. ఒక ఇనపకడ్డీ. ఒక పుస్తకం. పుస్తకం చదివి కంచె వేసేవాడూ పుస్తకం చదివి ఈత కొట్టేవాడూ ఒకటే. మా భోజనాల టేబులుకి ఒక కాలు పొట్టి. పుస్తకం మడిచి దాని కింద పెడితే కొలిచినట్టు సరిపోయింది. ఆ పుస్తకం రాసినవాడు చేసిన మంచిపని అదొక్కటే అనుకున్నాను.

గంటలో కంచె లేచింది. కోళ్లూ మేకా గూడూ లోపల, ప్రపంచం బయట. ఆ కడ్డీ ఎందుకో తెలియలేదు కానీ, తీగ ఉంది కదా అని పెట్టెకి తగిలించి, వసారా పక్కన దుమ్ములో జానెడు లోతు దిగేసరికి చేతులు నొప్పెట్టి వదిలేశాను. పెట్టె నొక్కగానే ‘టక్... టక్...’ అని మొదలెట్టింది. చప్పుడు వస్తోందంటే పని చేస్తున్నట్టే. మా ఆఫీసులో అందరి లెక్కా అదే.

మా ఆవిడ వచ్చి కడ్డీని చూసింది.

“ఇక్కడ నేల ఎండి బీటలు వారింది. దీని మొదట్లో రెండు చెంబులు నీళ్లు పోయాలేమో.”

“కరెంటు దగ్గర నీళ్లా? పదిహేడేళ్ల సర్వీసులో ఇంత మాట ఎవరూ అనలేదు. మీటరు బోర్డు మీద తడిచెయ్యి వేయకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు.”

“అది మీటరు. ఇది కంచె.”

“కరెంటు ఒకటే కదా,” అన్నాను. నా గొంతులో అంత ధీమా నేనే ఎప్పుడూ వినలేదు.

సాయంత్రం దర్జీ గోడ మీంచి తొంగి చూశాడు. “మీటరుగారూ, ఈ దోమతెరకి కోళ్లు ఆగుతాయంటారా?”

దోమతెర అన్నందుకు నాకు ఒళ్లు మండింది. “చూస్తూ ఉండండి,” అని అరచెయ్యి చాపి వల మీద వేశాను.

ఏమీ కాలేదు. చీమ కుట్టినంత కూడా లేదు. పెట్టె మాత్రం టక్కుమంటోంది. దర్జీ చూస్తున్నాడు. మా ఆవిడ చూస్తోంది. ఆఫీసరు కూడా ఒంటికన్నుతో చూస్తోంది. పరువు గలవాడు ఆ క్షణంలో ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. “అమ్మో” అని కేక వేసి, మూడడుగులు వెనక్కి ఎగిరి, కిందపడి, కాళ్లు నాలుగుసార్లు కొట్టుకున్నాను. దర్జీ మొహం తెల్లబోయింది. “కాస్త తగ్గించి పెట్టండి బాబూ, ప్రాణాలు పోతాయి,” అని తల లోపలికి తీసేసుకున్నాడు.

నేను లేచి దుమ్ము దులుపుకుని మా ఆవిడ వైపు గర్వంగా చూశాను. ఆమె ఉతికిన బట్టల బకెట్టు తెచ్చి, నా తడి బనీన్లు నాలుగూ ఆ కంచె మీదే వరసగా ఆరేసింది.

అయినా రెండు రోజులు ఒక్క కోడీ బయటికి రాలేదు. చూశావా అన్నాను. తర్వాత తెలిసింది, మా ఆవిడ అన్నిటికీ ఒక రెక్క ఈకలు కత్తిరించేసింది. అదీ దర్జీ దగ్గర అరువు తెచ్చిన కత్తెరతో. పైగా గంటకోసారి పెరటి మధ్యలో గింజలు చల్లుతోంది.

బుధవారం మేక తన పని మొదలుపెట్టింది. కంచెకి వీపు ఆనించి హాయిగా గోక్కుని, ఆ తర్వాత ముందుకాళ్లు వల మీద వేసి నిలబడి దర్జీ మడి వైపు చూసింది. రెండు కర్రలు వాలిపోయాయి. మా ఆవిడ పరుగెత్తి దాన్ని లాక్కొచ్చింది.

“కంచెలో కరెంటు లేదండీ.”

“మేకకి ఒళ్లు మందం.”

“ఆదివారం కొట్టువాడు వస్తాడండీ.” ఆ మాట అంటూ ఆమె మేక మెడ చుట్టూ చెయ్యి వేసింది. అప్పుడైనా ఒప్పుకుని ఉంటే పోయేది. కానీ కిందపడి కాళ్లు కొట్టుకున్నవాడు కరెంటు లేదని ఎలా ఒప్పుకుంటాడు? అడుసు తొక్కేశాను, ఇక కాలు కడుక్కునే దారి కనబడలేదు.

గురువారం నుంచి భోజనాల టేబులు మళ్లీ ఊగడం మొదలైంది. పులుసు నా ఒళ్లో ఒలికింది. ఆ టేబులు చేసిన వడ్రంగిని పదినిమిషాలు తిట్టాను. వాడి మొహానికి చెక్కపని ఎవరు నేర్పారన్నాను. మా ఆవిడ తన గిన్నె చేత్తో పట్టుకుని, ఏదో ఆలోచిస్తూ, నిమ్మళంగా తింటోంది.

ఆదివారం పొద్దున దర్జీ రావడానికి ఇంకా అరగంట ఉంది. మేక వాల్చిన కర్రలు సరిచేద్దామని బయల్దేరాను. కోళ్ల రెట్టలంటుతాయని కొత్త చెప్పులు బయటే విప్పి, చచ్చిన కంచెకి భయమేమిటని దాన్ని చేత్తో అణిచి, లుంగీ ఎగ్గట్టి లోపలికి దాటాను. పెట్టె వసారాలో టక్కుమంటూనే ఉంది. నేను వంగి కర్రలు నిలబెడుతున్నాను. వెనకాల ఎక్కడో బకెట్టు వంచి నీళ్లు పోస్తున్న చప్పుడైంది. ఒక బకెట్టు. తర్వాత ఇంకొకటి. మొక్కలకనుకున్నాను.

పని అయ్యాక తిరిగి దాటడానికి కంచె మీద చెయ్యి వేశాను.

ఎవరో దుడ్డుకర్రతో మోచేతి మీద కొట్టినట్టయింది. ఒక్క గెంతు గెంతి గూడు మీద పడ్డాను. పెట్టలన్నీ ఒక్కసారి లేచాయి. ఆఫీసరు నా భుజమెక్కి, అక్కణ్ణుంచి నెత్తికెక్కి, కూత పెట్టింది.

“ఆపు, ఆపు. కరెంటొచ్చింది,” అని అరిచాను.

మా ఆవిడ వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కన పెట్టె. ఒక చేతిలో టీ గ్లాసు, ఒళ్లో మడతలు పడిన ఒక పుస్తకం. నాకు టేబులు ఎందుకు ఊగిందో అప్పుడర్థమైంది.

“ఆరో పేజీలో ఉందండీ,” అంది తాపీగా. “కరెంటు కంచెలోంచి తాకినవాళ్ల ఒంట్లోకి దిగి, నేలలోంచి ఈ కడ్డీ దాకా తిరిగి రావాలట. నేల ఎండిపోతే రాలేదట. అందుకని కడ్డీని మోకాల్లోతు దింపి, మొదట్లో నీళ్లు పోయమన్నాడు. నిన్న కడ్డీ దింపాను. ఇవాళ నీళ్లు పోశాను.”

“ముందే చెప్పొచ్చుగా.”

“సోమవారం చెప్పాను.”

సరిగ్గా అప్పుడే దర్జీ కోళ్ల కొట్టువాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. కొట్టువాడి చేతిలో పెద్ద బుట్ట. మా ఆవిడ కళ్లు ఆ బుట్ట మీదే ఉన్నాయి.

“కంచె అద్భుతంగా పనిచేస్తోంది, చూడండి,” అని, ఆమె కోసం, కేవలం ఆమె కోసం, కళ్లు మూసుకుని మళ్లీ ముట్టుకున్నాను. ఈసారి నోట్లోంచి కేక కూడా రాలేదు. ‘కీక్’ అని చిన్న చప్పుడు వచ్చింది.

దర్జీ పెదవి విరిచాడు. “సోమవారం చేసినంత సహజంగా లేదండీ. కంగారుపడి నేను ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ నవ్వింది. కరెంటు కొట్టినవాడు పడే ముందు చోటు చూసుకుని పడతాడా అంది.”

కొట్టువాడు బుట్ట మూత తీశాడు. మా ఆవిడ కుర్చీలోంచి సగం లేచింది. ఇంతలో మేక, మేకపోతు గాంభీర్యమంటే ఏమిటో చూపిస్తానన్నట్టు, నన్ను దాటుకుంటూ వెళ్లి కంచెకి ముక్కు ఆనించింది. ‘టక్’ అంది పెట్టె. మేక నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లోకి లేపి, వచ్చిన దారినే పోయి, గూడు వెనక దాక్కుంది. వెంట మూడు పెట్టలు కూడా పారిపోయాయి.

దర్జీ కాసేపు దాని వైపే చూశాడు. “మేక అబద్ధం ఆడదు,” అన్నాడు. కొట్టువాణ్ణి భుజం తట్టి వెనక్కి తిప్పాడు. ఖాళీ బుట్ట వీధి మలుపు తిరిగేదాకా మా ఆవిడ నిలబడే ఉంది. తర్వాత పమిటతో కళ్లు ఒత్తుకుంది. పదిహేడేళ్ల సర్వీసు గలవాడి మాట చెల్లలేదు, మేక మాట చెల్లింది. ఆ కళ్లు చూశాక నాకు దాని మీద కోపం కూడా రాలేదు.

“ఇక ఆపు, బయటికొస్తాను,” అన్నాను.

“ఎలాగూ లోపలే ఉన్నారు కదండీ. చీపురు గూడు మీదే ఉంది. కంచెకి గడ్డి తగిలితే కరెంటు పోతుందట, అది తొమ్మిదో పేజీ. కొడవలి కూడా అక్కడే పెట్టాను.”

గూడు ఊడ్చాను. చుట్టూ గడ్డి కోశాను. ఎండ నడినెత్తికి వచ్చాక ఆమె పెట్టె ఆపింది. నా కొత్త చెప్పులు నీళ్లలో నానుతున్నాయి, రెండో బకెట్టు కొంచెం అటు ఒలికిందట.

మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే టేబులు కదల్లేదు. నొక్కి చూశాను. కొండలా ఉంది.

“చూశావా, నేను తిట్టిన తిట్లు వడ్రంగికి తగిలినట్టున్నాయి. వచ్చి బాగుచేశాడా?”

“లేదండీ. పుస్తకంతో నాకింకా పనుంది. అంత మందంగా ఉన్న కాగితమే ఇంకోటి వెతికాను.”

వంగి చూశాను. నాలుగు మడతలు పెట్టిన దళసరి కాగితం. పైకి ‘ఒక్క తప్పు రీడింగు లేని’ అన్న ముక్క కనబడుతోంది. హాలు వైపు తిరిగితే గోడకి మేకు ఒక్కటే ఉంది.

“అది నా ప్రశంసాపత్రం,” అన్నాను.

“అవునండీ,” అంటూ మా ఆవిడ అన్నం వడ్డించింది. “మీరెలాగూ చదవరు కదా.”