మధ్యగది మశకబంధనం

ఓ చెవి ఇటు పడేయండి. ప్రచండభానుడు నడినెత్తికెక్కి, ఫ్యాన్లు తిరుగుతున్నట్టు నటిస్తూ, మనుషుల గదుల్లో పడుకున్న ఏసీ దోమల గదిలో మాత్రం నిష్ఠగా పనిచేసే ఒకానొక మధ్యాహ్నాన, నాలుగు పొరుగు దేశాలు చర్చలతో పునాది తవ్వి, ఉపసంఘాలతో గోడలు లేపి, సవరణలతో సున్నం కొట్టిన ప్రయోగశాలలో, ధవళకుడ్యశోభితమై, ద్వారద్వయసురక్షితమై, దోమల గదికీ బయటి హాలుకీ నడుమ, బీరువాకంటే కాస్త పెద్దదైన మధ్యగదిలో జరిగిన మహాసంగ్రామం ఇది.

ఆ సంగ్రామంలో మన వీరనారి జన్యుకర్తనవిద్యాధురంధర, లార్వాలోకపోషణదీక్షిత, అసంఖ్యాకమశకమాత. పిన్ని వాళ్ళ సందులో ఆమెను దోమల డాక్టరంటారు. ఇంట్లో చిట్టి.

ఆమె పెంచే మగదోమలు కుట్టవు. వాటి జన్యువులో చేసిన చిన్న మార్పువల్ల, వాటి సంతానంలో ఆడవి ఎదగకముందే పోతాయి. కుట్టేది ఆడదోమ గనక, ఈ మగవాటిని ఊళ్ళోకి వదులుతూ పోతే కుట్టే మూతులు తగ్గుతాయి. సంగతంతా ఇంతే. దీన్ని ఆమె స్లైడ్ల మీద స్లైడ్లు వేసి చెప్పేది. ఆ రోజూ మొదలుపెట్టింది. బాణాలు, వలయాలు, నాలుగు దేశాల రంగుల పటం వచ్చేసరికి మధ్యగది గాజు తలుపు బయట హాల్లో కూర్చున్న సందు మహిళా సంఘంలో ముందు వరుస ఆవలించింది, వెనక వరుస నిద్రపోయింది.

సంఘానికి అధ్యక్షురాలు స్వయానా పిన్నే. నిరుడు వానల్లో డెంగీ ఆ సందులో ఇల్లు మార్చి ఇల్లు తిరిగింది. బాబాయి ఆసుపత్రినుంచి సగం మనిషై వచ్చాడు. సంఘం ఊఁ అంటే ఈ వానలకు ముందే మగదోమలను వదలొచ్చు. ఊహూఁ అంటే మళ్ళీ ఏడాదికి. అందుకే అరగంట విరామమిచ్చి, దోమలకు చక్కెర నీళ్ళు పెట్టొచ్చి మిగతా స్లైడ్లు పూర్తి చేద్దామని చిట్టి లోపలికి వెళ్ళింది.

తిరిగి వస్తుండగా, లోపలి తలుపు వెనక మూసుకుంది. ఆమె చెవి పక్కన ఒక సన్నని నాదం వినిపించింది.

అదిగో వాడు! సూక్ష్మకాయుడు, సువిశాలగగనవిహారి, రక్తపానవిముఖుడు, ఆమె చేతి చక్కెర నీళ్ళు తాగి పెరిగి ఆమె భుజం మీదే స్వారీ చేసి వచ్చిన కృతఘ్నశిఖామణి!

మధ్యగదిలో ఒక్క దోమ ఎగురుతున్నా బయటి తలుపు తీయరాదు. ఆ నియమం రాసింది చిట్టే. నాలుగు దేశాలతోనూ పోట్లాడి మరీ ఒప్పించింది. ఇక గోడకు దోమల బ్యాటొకటి తగిలించాలన్న ప్రతిపాదన అక్కడే చిక్కుకుపోయింది. అది విద్యుత్ పరికరమని ఒక దేశం, ఆయుధమని ఒక దేశం, ఆటవస్తువని మూడో దేశం. నాలుగో దేశం మైకు ఆ రోజంతా మ్యూట్‌లో ఉండిపోయింది. కాబట్టి గోడకు బ్యాటు లేదు, మేకు ఉంది. ఆమె చేతికి దొరికిన ఆయుధమల్లా నోటితో గాలి పీల్చి దోమను పట్టే గాజు గొట్టం.

ఇంటర్‌కమ్ గరగరలాడింది. ప్రయోగశాల పెద్ద సారు.

"ఏమ్మా, ఎంతసేపు? అందరూ లేచి కూర్చున్నారు."

"ఒకటి నాతో వచ్చేసింది సార్."

"మగదేనా?"

"మగదే."

"మరింకేం. కుట్టదుగా. మెల్లిగా తలుపు తీసుకుని వచ్చేయ్. ఎవరూ చూడరు."

అప్పుడా వీరనారి, "ఓ సంస్థాధీశ్వరా! సముద్రము చెలియలికట్ట దాటుగాక, గ్రహములు గతి తప్పుగాక, నేను లిఖించిన నియమమును నేనే ఉల్లంఘించి ఈ కవాటమును తెరువజాల!" అని సింహనాదం చేసింది. ఇంటర్‌కమ్‌లో అది ఇలా వినిపించింది:

"కుదరదు సార్. తియ్యను."

ఈ మాట స్పీకరులో బయటికందరికీ వినబడింది. ఎవరూ చూడరన్న మాట అంతకంటే బాగా వినబడింది. సంఘం మొత్తం లేచి గాజు తలుపుకు ముక్కులు ఆనించింది.

"ఒక్క దోమను పట్టలేనివాళ్ళు మా సందులో వేలు వదుల్తారంట," అంది టైలరమ్మ. సందు మొదట్లో కుట్టు మిషను ఆమెదే, సంఘంలో మొదటి అనుమానమూ ఆమెదే.

"నువ్వుండవే," అంది పిన్ని. గొంతులో బింకమున్నా ముఖంలో లేదు. సందంతా తిరిగి 'మా చిట్టి చేస్తోంది, భయం లేదు' అని చెప్పొచ్చింది మరి.

ఇక యుద్ధం. మశకవీరుడు కప్పు మూలనుంచి దీపం వైపు, దీపంనుంచి స్విచ్చు వైపు, చక్రవ్యూహాలు తనే పన్నుతూ, తనే ఛేదిస్తూ విజృంభించాడు. వీరనారి గొట్టమెత్తి కుప్పించి దూకింది, గోడను ఢీకొంది. మళ్ళీ దూకింది, ఈసారి గోడే గెలిచింది. తెల్ల కోటు చంకలో చిరిగింది. చెమట కంట్లోకి దిగి లోకం మసకబారింది, వాడు మాయమయ్యాడు.

తలుపుకటు ఆమెకు కనబడనిది, ఇటు అందరికీ కనబడుతోంది.

"చిట్టీ, నీ జడ మీద."

"జడ కాదు పిన్నిగారూ, క్లిప్పు మీద. నల్ల క్లిప్పు."

"కదలకమ్మా. ఊపిరి బిగబట్టు."

"ఊపిరి బిగబడితే పీల్చేదెలా?"

హాల్లోని లాప్‌టాప్‌లో సభ చూస్తున్న నాలుగు దేశాల్లో మూడోదాని ప్రతినిధి, ఈ సలహాలను సభా నిర్ణయాలుగా పరిగణించాలా అని అడిగాడు. రెండో దేశం ఇంట్లో కుక్కరు కూత వేసింది.

చిట్టి చేయి మెల్లగా తలవెనక్కి వెళ్ళింది.

"కుడికి," అంది టైలరమ్మ. "నీ కుడికి కాదు, నా కుడికి. ఇంకాస్త కిందికి. అబ్బ, బొత్తాం కుట్టినంత నెమ్మదిగా పోవాలి తల్లీ. ఆఁ. పీల్చు."

వాయుదేవుడే ఆ శ్వాసకోశంలో కొలువుదీరాడో ఏమో, ఒక్క పీల్పుకు గగనవిహారి గాజుబిలంలో పడ్డాడు. పిన్ని గుండె పట్టుకుంది.

"మింగేసిందా?"

"మధ్యలో వల ఉంటుంది పిన్నీ," అంది చిట్టి గొట్టానికి దూది బిరడా పెడుతూ. కప్పు, గోడలు, కోటు మడతలు మళ్ళీ వెతికి, ఇంకేదీ లేదని తేల్చుకున్నాకే బయటి తలుపు తెరిచింది.

గొట్టం చేతులు మారింది. మగదని ఎలా తెలుస్తుందని ఒకామె అడిగింది.

"మీసాలు చూడండి, కుచ్చుల్లా లేవూ? ఆడవాటికి అంత ఒత్తుగా ఉండవు."

"మా ఆయనకంటే నయం," అంది వెనక వరుస, మొట్టమొదటిసారి పూర్తిగా మేలుకుని.

స్లైడ్లన్నీ కలిసి రప్పించలేని ప్రశ్నలు ఇప్పుడు ఒకదానిమీదొకటి పడ్డాయి. పిల్లలకేమన్నా అవుతుందా? ఇవి చచ్చి నీళ్ళలో పడితే? వద్దనుకుంటే ఆపొచ్చా? చిట్టి నిలబడ్డచోటే, చిరిగిన చంకతో, మామూలు మాటల్లో చెప్పింది. తెలియనివాటికి తెలియదంది. వదలడం ఆపేస్తే కొన్నాళ్ళకు ఇవీ పోతాయంది.

టైలరమ్మ గొట్టాన్ని వెలుగులోకెత్తి చూసింది. "ఒక్కదానికే ఇంత అవస్థ పడ్డావే. వదిలినవాటిని మళ్ళీ ఎట్లా పడతావు?"

"పట్టం ఆంటీ. అందుకే వదిలేముందు మిమ్మల్ని అడుగుతున్నాం."

టైలరమ్మ గొట్టాన్ని కిందికి దించింది. తర్వాత పిన్ని వైపు తిరిగింది. "ముందు మా షాపునుంచి కరెంటు స్తంభం దాకా. అంతే. స్తంభం దాటితే నేనొప్పుకోను."

"మీసాలాయన సాక్షి," అంది పిన్ని. సంఘం చేతులెత్తింది.

దిక్కులారా, వినండి! చతుర్దేశమండలి సాక్షిగా, కుక్కరు శంఖారావాల నడుమ, మశకమాత దిగ్విజయం చేసింది. తూర్పున కుట్టు మిషను, పడమట కరెంటు స్తంభం, ఉత్తరాన ఒక మురుగుకాలువ, దక్షిణాన అదే కాలువ తిరిగివచ్చిన వంపు ఎల్లలుగా గల మహాసామ్రాజ్యం ఆమెకు వశమైంది.