ఎర్ర గింజలు ఏరేసిన సంఘం

ఒక పెద్ద అడవిలో, వాగుకు అవతల పల్లంలో ఒక కుందేలు కాపురముండేది. నిరుడు వాగు పొంగి దాని పిల్లల్లో రెండింటిని పట్టుకుపోయింది. మిగిలినవి మూడు. ఈసారి వానలకు ముందే వాగు మీద వంతెన కావాలని అది సింహం గుహ ముందు మూడు రోజులు కూర్చుని ఏడ్చింది. సింహానికి నిద్ర చెడింది. అందుకని వంతెన మంజూరైంది.

అల్లే పని ముసలి గిజిగాడికి అప్పగించారు. అల్లికలో అతన్ని మించినవాడు లేడు. మతిమరుపులోనూ లేడు. అందుకే ముడి నిలవని చోటల్లా ఒక ఎర్ర గురివింద గింజ గుచ్చుకుంటూ పోయాడు. తీగలు ఆ గట్టుకు అందాక సింహం వేసిన పరిశీలన సంఘాన్ని పిలిచాడు.

"అయ్యలారా, ఇది సగం పనే. గింజ ఉన్నచోట తీగ జారుతోంది. కాస్త లాగి చూసి, ఏ ముడి నిలుస్తుందో చెప్పండి. అంతా బిగించాక విప్పడం కష్టం."

"సగం పని నలుగురికీ చూపించడానికి సిగ్గుండాలి," అంది ఎలుగుబంటి. "మేమైతే పూర్తయ్యేదాకా గుహ దాటనివ్వం."

ఎలుగుబంటి గుహలోంచి ఇంతవరకూ ఏదీ బయటికి రాలేదు.

"గింజలు ముచ్చటగా ఉన్నాయి," అంది నెమలి. "కాని ఎడం సమానంగా లేదు. ఇక్కడ రెండు, అక్కడ ఒకటా?"

"అవి అందానికి కాదమ్మా..."

"అందం గురించి నాకు చెప్పకు!"

సంఘాధ్యక్షుడు నక్క తల కూడా ఎత్తలేదు. పంజా మట్టిలో ముంచి వంతెన గుంజ మీద ముద్ర వేసి, "చూశాం," అంది.

"తాతా, నేను లాగి చూడనా?" అంటూ కుందేలు ముందుకొచ్చింది.

"అర్జీ పెట్టినవాళ్ళు పనిలో వేలు పెట్టకూడదు. దూరంగా నుంచో," అని నక్క కసిరింది.

మర్నాడు సింహం వచ్చింది. "ఆ ఎర్రవేమిటి?"

"లోపాలు ప్రభూ. ఏడున్నాయి," అంది నక్క.

"ఎల్లుండే ప్రారంభం. అప్పటికి ఒక్కటి కనబడినా మీ సంఘం రద్దు!"

కనబడకూడదు, అంతే కదా! గిజిగాడు తీగల కోసం వెళ్ళిన సమయం చూసి నక్క ఏడు గింజలూ పీకి పారేసింది. ఏడు లోపాలూ తొలగించామని చాటింపు వేయించింది.

గిజిగాడు తిరిగొచ్చి అటూ ఇటూ ఎగిరాడు. "నా గింజలేవీ? మరచిపోతాననేగా పెట్టుకున్నాను! జారే ముడులు ఎక్కడున్నాయో ఇప్పుడెలా తెలుస్తుంది?"

"నీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది తాతా? హాయిగా పడుకో," అంది నక్క.

ప్రారంభం నాటికి వాగులో ఇంకా బురదే. అందరూ దాన్ని తొక్కుకుంటూ దాటి కుందేలు గట్టునే చేరారు. నక్క గొంతు సవరించుకుంది.

"వంతెన ఎవరికోసమో వాళ్ళే తొలి అడుగు వేయాలి. రా కుందేలక్కా, పిల్లలతో సహా రా!"

కుందేలు గిజిగాడి వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. అది పిల్లల్ని వెనక్కి నెట్టి, నక్కకు వంగి దండం పెట్టింది.

"ఎంత మాట నక్కబావా! ఏడు లోపాలు తొలగించినవారు మీరుండగా మేం ముందు నడవడమా? మీరు పదండి. మీ అడుగుల వెంటే వస్తాం."

"న్యాయమే," అంది సింహం.

"నాకు మోకాలు నొప్పి ప్రభూ..."

"నడువు!"

నాలుగో అడుగుకు తీగ జారింది. నక్క తలకిందులుగా బురదలో దిగబడింది. పైకి లేస్తూనే అరిచింది.

"ప్రభూ! సరిగ్గా గింజ ఉన్నచోటే జారింది! ఆ గింజలు గుచ్చడంవల్లే ఇదంతా!"

ఎలుగుబంటి, నెమలి తలలూపాయి. గురివింద గింజలు నిషేధించారు. గిజిగాడిని పనిలోంచి తీసేశారు.

తీసేశారు గనక అతని పని చూడటానికి ఇక ఏ సంఘమూ రాలేదు. కుందేలు, పిల్లలు ఒక్కో తీగా పళ్ళతో పట్టి లాగాయి. జారినచోట గిజిగాడు అక్కడికక్కడే ముడి వేశాడు, మరచిపోవడానికి వ్యవధి లేకుండా. ఏడో ముడి పడుతుండగా మొదటి చినుకు పడింది. ఆ రాత్రి వాగు పొంగినా మూడు పిల్లలూ వంతెన మీదుగా మెరక గట్టుకు చేరాయి.

తెల్లారేసరికి గుంజ మీద కొత్త పంజా ముద్ర ఉంది. "చూశాం."

నీతి: లోపాలు లేవన్నవాడి మాట తప్పక నమ్మాలి, ముందు వాణ్ణి నడిపించాక.