దర్జీగారి దుర్భిణి

దుప్పటి మడతపెట్టడంలో దర్జీగారికి పెద్ద పట్టింపు. అంచు మీద అంచు కూర్చోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా విప్పించి మళ్ళీ మొదటికి తెస్తారు. ఆ ఇంట్లో ఒక్క దుప్పటి మడిచేలోగా పక్కింటివాళ్ళు నాలుగు మంచాలూ సర్దేసి, వాటి మీద కూర్చుని కబుర్లు కూడా చెప్పుకుంటారు.

ఆ రోజు పొద్దున రెండో కొస పట్టుకుని భార్య ఓపిగ్గా నిలబడి ఉంది. మూడోసారి విప్పించాక దర్జీగారు గొంతు సవరించుకున్నారు.

"నాకు నక్షత్రాలు చూడాలని ఉంది."

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన తలెత్తి పైకి చూసింది ఫ్యాను ఆగినప్పుడు మాత్రమే. భార్య ఆ సంగతే గుర్తు చేసింది. ఆయన వినిపించుకోలేదు. సూది బెజ్జం చూసీ చూసీ కళ్ళు అలిసిపోయాయనీ, దూరపువి చూస్తే హాయిగా ఉంటుందట అనీ, ఒక దుర్భిణి కొంటాననీ, ఖరీదైనది అక్కర్లేదు, కొత్తగా చూసేవాళ్ళకు సరిపడేది చాలుననీ, అప్పజెప్పిన పాఠంలా ఊపిరి తీసుకోకుండా చెప్పేశారు.

భార్య తన కొస ఆయన చేతిలో పెట్టి, "పదండి, కొట్టుకి నేనూ వస్తాను" అంది.

పథకానికి మొదటి కుట్టు అక్కడే ఊడింది.

అసలు సంగతి నక్షత్రాలు కాదు, తమ్ముడు. ఇద్దరూ ఇరవై ఏళ్ళు ఒకే కొట్లో పనిచేశారు. అన్న కత్తిరించేవాడు, తమ్ముడు కుట్టేవాడు. రెండేళ్ళ క్రితం ఒక మాస్టారి కోటుకు ఎడమ చెయ్యి రెండంగుళాలు కురచగా వచ్చింది. కొట్టు నిండా జనం ఉండగా దర్జీగారు తమ్ముణ్ణి నోటికొచ్చినట్టు తిట్టారు. తమ్ముడు మెడలోని టేపు తీసి మిషను మీద పెట్టి, లేచి వెళ్ళిపోయాడు. సాయంత్రం గుడ్డ తిరగేసి చూస్తే, కత్తిరింపుకు గీత గీసిన దగ్గరే తప్పు జరిగింది. గీసింది దర్జీగారే. ఆ ముక్క ఆయన ఎవరికీ చెప్పలేదు. పైగా ఇంటికొచ్చి, వాడి ఊసు ఈ ఇంట్లో ఎత్తడానికి వీల్లేదని భార్యకు హుకుం జారీ చేశారు.

తమ్ముడి కాపురం నాలుగు వీధుల అవతల, మూడో అంతస్తులో. డాబా ఎక్కితే బాల్కనీ కనిపిస్తుంది కానీ, మనిషి చీమంత. వెళ్ళి తలుపు కొట్టడానికి మొహం చెల్లదు. చూడకుండా ఉండడానికి ప్రాణం ఒప్పదు. అందుకని ఆకాశం మీద ప్రేమ పుట్టింది.

కళ్ళజోళ్ళ కొట్టాయన మూడు దుర్భిణులు బయటపెట్టి విడమరిచి చెప్పాడు. చుక్కలకు పెద్దగా చూపించేది కాదు, వెలుతురు బాగా పట్టేది కావాలి. ముందు అద్దం యాభై మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే మేలు. ఏడు రెట్లు చాలు. పది దాటితే చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరిగి చుక్కలు గంతులేస్తాయి.

దర్జీగారు అన్నిటికీ తలూపి, జేబులో పట్టేదాన్ని ఎత్తారు. అది పన్నెండు రెట్లు.

"అది పగటిపూటకండీ. చీకటి పడితే ఏమీ ఆనదు."

"ఇందులో చొక్కా గుండీ కనిపిస్తుందా?"

కొట్టాయన ఆయన్ని ఎగాదిగా చూశాడు. "చుక్కలకి గుండీలుండవండీ."

భార్య వెడల్పు అద్దాలదాన్ని కళ్ళకు పెట్టుకుని, ఎదుటి వీధిలో మనుషుల్ని చాలాసేపు చూసింది.

ఆ చిన్నదే కొనుక్కుని, ఆ సాయంత్రం నుంచీ దర్జీగారు కొట్టు పెందలాడే కట్టేసి డాబా ఎక్కడం మొదలుపెట్టారు. అంత ఎండలో చుక్కలేమిటని భార్య అడిగితే, ముందొచ్చి చోటు చూసుకోవాలన్నారు. ఆకాశం పైన ఉంటే దుర్భిణి అడ్డంగా ఎందుకుందని అడిగితే, మెడనొప్పి అన్నారు.

బాల్కనీ తీగ మీద నీలం గళ్ళ చొక్కా వేలాడుతోంది. జేబు గళ్ళకు ఏటవాలుగా ఉంది. జేబును అలా కత్తిరించేది ఆ చుట్టుపక్కల ఆయన ఒక్కరే. తమ్ముడికి తన చేత్తో కత్తిరించి ఇచ్చిన చొక్కా అది. పొద్దువాలే వేళకు ఒక మనిషి వచ్చి బట్టలు తీసుకుని లోపలికి పోతాడు. చెయ్యి వణికి, వెలుతురు చాలక నీడలా కనిపిస్తాడు. ఆ నీడ చాలు, దర్జీగారికి అన్నం సహించేది.

"ఎలా ఉంది మీ చుక్క?" అని అడిగేది భార్య, వడ్డిస్తూ.

"కాస్త ఒళ్ళు చేసింది."

ఆ మాటకు ఆవిడ నవ్వుతుందనుకున్నారు. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మర్నాడు ఆవిడ ఒక్కతే కళ్ళజోళ్ళ కొట్టుకు వెళ్ళి, పైన కొంత వేసి, చిన్న దుర్భిణి ఇచ్చేసి వెడల్పు అద్దాలది తెచ్చింది. చుక్కలకు ఇదే సరైనదని కొట్టాయన మొదటే చెప్పాడుగా అంది. కాదంటే అసలు సంగతి చెప్పాలి. దర్జీగారు నోరు మూసుకుని డాబా ఎక్కారు. ఆవిడా వెనకే ఎక్కింది.

ఏడు రెట్లే అయినా బొమ్మ కదలకుండా నిలిచింది. పొద్దు వాలినా బాల్కనీ పట్టపగల్లా వెలిగింది. నీలం గళ్ళ చొక్కా తొడుక్కున్న మనిషి బయటికి వచ్చాడు. ఇటు తిరిగాడు. గుండ్రటి మొహం, గుబురు మీసం. వెనకాలే ఒకామె పిల్లను ఎత్తుకుని వచ్చింది. వాళ్ళెవరో దర్జీగారికి తెలియదు.

ఆయన దుర్భిణి దించి, అద్దాలు తుడిచి, మళ్ళీ చూశారు. అదే మొహం.

"వాడేడీ?" అన్నారు.

రెండేళ్ళ తర్వాత ఆ ఇంట్లో తమ్ముడి ఊసెత్తింది ఆయనే.

"ఖాళీ చేసి మూడు నెలలైంది. పాత బట్టలు కొత్తగా దిగినవాళ్ళకి ఇచ్చేశారు" అంది భార్య. "పక్షవాతం వచ్చిందండీ. కుడి చెయ్యి లేవట్లేదు. ఇక మిషను ఎక్కలేడని డాక్టరు చెప్పేశాడు. తోడికోడలు వాళ్ళ పుట్టింటికి తీసుకెళ్ళింది."

"నాకెందుకు చెప్పలేదే?"

"ఊసెత్తొద్దన్నారుగా." ఆవిడ గొంతులో దెప్పిపొడుపు లేదు. "మీరే అడుగుతారని మూడు నెలలు చూశాను. మీరు దుర్భిణి కొనుక్కున్నారు."

దర్జీగారు పిట్టగోడ మీద కూర్చున్నారు.

"వెళ్ళేముందు, ఇంట్లో కుదరకపోతే కొట్టుకైనా వెళ్ళి మీకు ఒక్క మాట చెప్పమన్నాడు మరిది. నేనే వెళ్ళలేకపోయాను. చెప్పమంటారా?"

ఆయన తలూపారు.

"ఆ కోటు చెయ్యి కురచైంది తన కుట్టులోనేనట. 'అన్నయ్య కత్తిరింపులో తప్పు రాదు వదినా, ఆ బెంగ పెట్టుకోవద్దని చెప్పు' అన్నాడు."

 గీత తప్పు గీసింది తనేనని చెప్పబోయి దర్జీగారు ఆగిపోయారు. చెప్పాల్సింది ఆవిడకు కాదు.

మెట్లు దిగారు. కిందికి వచ్చిన భార్య ఆ ఊరి పేరు చెప్పింది, ఆఖరి బస్సు ఏడింటికని చెప్పింది. చెప్పులు కుడిది ఎడమకు, ఎడమది కుడికి వేసుకుంటున్నారని కూడా చెప్పింది. ఏదీ ఆయన చెవిన పడినట్టు లేదు. కళ్ళు తుడుచుకుని, తలుపు దగ్గరగా వేసి, బస్టాండు వైపు వెళ్ళిపోయారు.