మా వాగు ఇవాళ ఏ రంగు?

నీళ్లకు రంగు, రుచి, వాసన ఉండవని బడిలో మనకు నేర్పించిన మాస్టార్లు ఒక్కసారి మా నేతవాడకు రావాలి. మా వాగు నీళ్లకు మూడూ ఉన్నాయి! ఇంత గొప్ప వరం ఇంకే ఊరికైనా ఉందా?

మా వాగు సిరిసిల్ల దిక్కు పారి మానేరులో కలుస్తుంది. కలిసే చోటికి కొంచెం పైన రాజలింగం సేటు రంగుల కార్ఖానా ఉంది. మా మగవాళ్లు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, నేసిన తెల్లని లంగా గుడ్డకు అక్కడ రంగు అద్దుతారు. గుడ్డ తాగినంత తాగి, మిగిలిన రంగు వాగు తాగుతుంది. సేటు ఎంత ధర్మాత్ముడో చూడండి. గుడ్డకు రంగు వేస్తే డబ్బు తీసుకుంటాడు, వాగుకు మాత్రం ఊరికే వేస్తాడు!

దీనివల్ల ఎన్ని లాభాలో చెప్పమంటారా? మా పక్కింటి ఖుర్షీద్ బేగం లంగాలు కుట్టి కోరుట్ల సంతకు పంపిస్తుంది. ఏ రంగు దారం కొనాలో తెలుసుకోవడానికి ఆమె బజారుకు పోదు, వాగు గట్టుకు పోతుంది.

"అక్కా, ఇయ్యాల వంకాయ రంగు పారుతున్నది. వారం దినాలల్ల దుకాన్ల నిండ గవే లంగాలుంటయి సూడు. జర ఊదా దారం తెప్పియ్యాలె" అంటుంది. బొంబాయి ఫ్యాషన్ నిపుణులకైనా ఇంత ముందుచూపు ఉంటుందా?

ఎడ్ల కొమ్ములకు రంగు పూసే ఖర్చు రైతులకు తప్పింది. వాగు దాటితే చాలు, మోకాళ్ల దాకా సింగారం! మా కొంగల కాళ్లు గులాబీ రంగులో ఉంటాయి. తెల్ల పంచె మాసిపోయిందని మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ విసుక్కోరు. తెల్ల పంచె అనే వస్తువే మా వాడలో లేదు.

పోలీసులకు కూడా కాలక్షేపం దొరికింది. ఈ రోజుల్లో మా దగ్గర ఎర్ర రంగు కనిపిస్తే జీపు వస్తుందని మీకు తెలుసు కదా! ఒకరోజు వాగు మొత్తం ఎర్రగా పారింది. జీపు గట్టు మీద ఆగింది. తుపాకులు పట్టుకున్న జవాన్లు దిగి, వాగును చాలాసేపు అనుమానంగా చూశారు. పట్టుకుందామంటే చేతికి చిక్కదు, ఎవరు పంపారని అడుగుదామంటే నోరు లేదు. పాపం, తిరిగి వెళ్లిపోయారు. పైనున్న కార్ఖానా దాకా వెళ్తే సరిపోయేదని మాకు అనిపించింది కానీ, పోలీసులకు దారి చెప్పేటంతవాళ్లమా మేము?

ఇన్ని లాభాల మధ్య ఒక్క చిన్న ఇబ్బంది. మేము తాగే నీళ్లూ అక్కడివే.

వాడలో నల్లా రాదు. బోరింగు నీళ్లు ఉప్పన. అందుకని వాగు మానేరులో కలిసే చోట ఇసుకలో చేత్తో గుంట తోడుకుంటాం. ఆ చెలిమెలో ఊరిన నీళ్లు కొబ్బరి నీళ్లలా ఉండేవి. మా వాడ పెద్దమనిషి శంకరవ్వ ఆ చెలిమెను కన్నబిడ్డలా చూసుకుంటుంది. ఆమె బిడ్డ రాజమణి కాన్పు కోసం పుట్టింటికి వచ్చింది. ఆ పిల్లకు పట్టిన చెంబులో ఒకనాడు నీళ్లు లేత పసుపుగా తేలాయి.

"పసుపు సుబమే గని, తాగే నీళ్లల్ల ఏం సుబం?" అంది శంకరవ్వ.

ఆ సాయంత్రం వాగును కాపాడటానికి ఆడవాళ్లం ఒక కమిటీ వేశాం. అదే మా తెలివితక్కువ. నలుగురు ఒకచోట కూడితే పగలు పోలీసులకు, రాత్రి అడవిలోంచి వచ్చే అన్నలకు సంజాయిషీ చెప్పుకోవాల్సిన కాలం ఇది. మర్నాడే ఎస్.ఐ. గారు వచ్చారు. ఆయనది గుంటూరు వైపు.

"మీ వెనకాల ఎవరున్నారమ్మా?" అని అడిగారు.

"మా ఎనుక ఎవలుంటరు సారు? మొగోళ్లు సాంచెల కాడున్నరు. ముంగట మాత్రం రాజలింగం సేటున్నడు" అంది శంకరవ్వ.

ఎస్.ఐ. గారు నవ్వు ఆపుకున్నారు. "కమిటీలు, మీటింగులు పెట్టకండి. కావాలంటే బతుకమ్మ ఆడుకోండి. దానికి పర్మిషన్ అక్కర్లేదు" అన్నారు.

ఆయన మాట జవదాటుతామా? ఈ ఏడు మా వాడకు బతుకమ్మ పండుగ నెల ముందే వచ్చింది! ఇసుకలో గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొట్టేవాళ్లం. "వాగు నీళ్లు చూడు ఉయ్యాలో, వంకాయ రంగాయె ఉయ్యాలో" అని నివేదిక చదివేవాళ్లం. "పెద్ద ఆఫీసుకు ఉయ్యాలో, పిటిషను పెడదాము ఉయ్యాలో" అని తీర్మానం చేసేవాళ్లం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చప్పట్ల తాళం తప్పేది. ఏ శాసనసభలోనైనా ఇంత క్రమశిక్షణ చూశారా?

పిటిషను పెట్టాం. జిల్లా నుంచి ఆఫీసరు గారు పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు, స్వయంగా వచ్చి చూస్తారని కబురు వచ్చింది. ఆ కబురు మాకంటే ముందు కార్ఖానాకు చేరింది. అది న్యాయమే, కార్ఖానాకు ఫోను ఉంది. ఆఫీసరు గారు వచ్చేనాటికి వాగు అద్దంలా మెరిసిపోయింది. సేటు ఆయన పక్కనే నిలబడి వాగును మెచ్చుకున్నాడు.

కానీ మేమేమైనా తక్కువ తిన్నామా? మా దగ్గర సాక్ష్యం ఉంది! పక్షం రోజులుగా ప్రతి పొద్దూ తెల్లని గునుగు పూల కట్ట ఒకటి వాగులో నానవేసి, ఆరబెట్టి దాచాం. ఏ రోజు ఏ రంగు పారిందో పూలు పట్టుకున్నాయి. వాటిని వరుసలుగా పేర్చి, అడుగున ఎరుపు, ఆ పైన చిలకపచ్చ, ఆ పైన ఊదా, నడుమెత్తు బతుకమ్మ చేసి ఆయన ముందు పెట్టాం.

ఆఫీసరు గారు ముచ్చటపడి చుట్టూ తిరిగి చూశారు. "చాలా బాగుందమ్మా! మా ఇంట్లో కూడా గునుగుకు రంగు అద్దుతారు కానీ, ఇంత చిక్కగా పట్టదు. మీరు ఏ రంగు కొంటారు?" అన్నారు.

అప్పుడు వెలిగింది మాకు. తెలంగాణలో గునుగు పూలకు రంగు అద్దని ఇల్లుందా? దొంగతనానికి సాక్ష్యంగా ఊళ్లో అందరి ఇళ్లలో ఉండే చెంబునే పట్టుకెళ్లినట్టయింది. డిగ్రీ చదివిన నాకూ ఆ ముక్క తట్టలేదు.

శంకరవ్వ మాత్రం చెలిమెలోంచి చెంబుతో నీళ్లు ముంచి తెచ్చింది. వాగు ఆ పూట తేటపడింది కానీ, ఇసుక తాగిన రంగు అంత తొందరగా వదులుతుందా? నీళ్లు లేత గులాబీగా ఉన్నాయి.

"ఎండల వచ్చినవు బిడ్డా, దూప తీర్చుకో" అంది.

ఆయన చెంబులోకి చూశారు. "వద్దమ్మా" అని సంచిలోంచి తన సీసా తీసి గుక్కెడు తాగారు.

"పువ్వులకు మేమే రంగేసినం అనుకో సారు. మరి గీ నీళ్లెందుకు తాగకపోతివి?"

ఆఫీసులో చాలా పని ఉందని ఆయనకు అప్పుడే గుర్తొచ్చింది.

అయినా ఆయన చర్య తీసుకున్నారు! రెండు రోజుల్లో కాగితం వచ్చింది. సర్కారు కాగితం ఇంత తొందరగా రావడం మా వాడలో ఎవరూ ఎరుగరు. నేను చదివి వినిపించాను. రంగు అద్దిన పూలను వాగులో వేయడం వల్ల నీరు కలుషితమవుతోందని, ఈ ఏడాది నుంచి అక్కడ బతుకమ్మలను వదలరాదని ఉంది. ఆ వెంటే సేటు, "వాగు మన తల్లి, శుభ్రంగా ఉంచుదాం" అని రాయించిన బోర్డు ఒకటి చెలిమె పక్కన పాతించాడు. బోర్డు అక్షరాలు ఎరుపే. జీపు మాత్రం రాలేదు.

"ఇగ యాడ ఇడువాలె బతుకమ్మను?" అని అడిగింది ఖుర్షీద్ బేగం. పండుగ ఆమెది కాకపోయినా, చప్పట్లలో అందరికంటే ముందు ఆమే.

మేము చట్టానికి లోబడే మనుషులం. బతుకమ్మను శుభ్రమైన నీళ్లలోనే వదలాలి కదా! అలాంటి నీళ్లు ఎవరి ఇంట్లో ఉన్నాయో ఆ సీసా చూశాక మాకు తెలిసింది. పండుగ ఆఖరి రోజు, సద్దుల నాడు, పొద్దున్నే వాడ ఆడవాళ్లమంతా బస్సెక్కి ఆఫీసరు గారి ఇంటికి వెళ్తున్నాం. గేటు ముందు ఆడి, ఆయన నీళ్ల తొట్టిలోనే వదులుతాం. మీటింగు కాదండీ, బతుకమ్మే! ఎస్.ఐ. గారు నోటితో ఇచ్చిన అనుమతి కూడా ఉంది.

వెళ్లేటప్పుడు నెత్తిన పూలు. వచ్చేటప్పుడు బిందెల్లో ఆయన నల్లా నీళ్లు. మొదటి బిందె రాజమణికి.