మసక దంపతుల దరఖాస్తు

మానవ చరిత్రలో గొప్ప వార్తలన్నీ మనిషి చేతులు ఖాళీగా లేనప్పుడే వచ్చాయని నా నిశ్చితాభిప్రాయం. మాకు ఇల్లు మంజూరైందన్న వార్త వచ్చిన క్షణాన నా రెండు చేతులూ మంతీ కుడుముల పిండిలో ఉన్నాయి. మా ఆయన షెర్మత్ ఫోను తెచ్చి నా కళ్ళ ముందు పట్టుకున్నాడు. (అతను ఫోను పట్టుకునే తీరు మీద నేనొక గ్రంథం రాయగలను. కొత్తగా పెళ్లయినదాన్ని, పాఠకులు సహించాలి.)

“శుభవార్త,” అంది ‘మన గూడు’ యాప్. “యువ దంపతుల గృహ పథకం కింద మీకు మర్గిలాన్ కొత్త కాలనీ మూడో అంతస్తులో ఒక గది, ఒక బాల్కనీ కేటాయించబడినవి. దంపతుల స్పష్టమైన ఫోటో అందిన వెంటనే తాళం చెవి ఇవ్వబడును. గడువులోగా అందనిచో ఇల్లు తరువాతి జంటకు చెందును.”

“బాల్కనీ,” అన్నాను.

“బాల్కనీ,” అన్నాడు షెర్మత్.

మా అత్తగారింట్లో తొమ్మిదిమందిమి. అందరూ మంచివాళ్ళే, అందరికీ వేళకి టీ కావాలి. బాల్కనీలో ఇద్దరికి మించి పట్టరు. దాని అసలు గొప్పతనం అదే.

ఇక ఫోటో. దీనికి నిబంధనలు ఉన్నాయి, అవన్నీ దూరదృష్టితో చేసినవే. ఫోనుతో తీసిన ఫోటో చెల్లదు. ఫోన్లు ముఖాలకు మెరుగులు దిద్దేస్తున్నాయి, తాళాలిచ్చే రోజున అధికారులు ఎవరినీ గుర్తుపట్టలేకపోయారు. స్టూడియో ఫోటో కూడా చెల్లదు. లోగడ జిల్లాలోని జంటలన్నీ ఒకే జలపాతం ముందు నిలబడి ఉండేసరికి, ఆ జలపాతం ఏ మహల్లాలో ఉందో కనుక్కోమని ఒక సంఘాన్ని వేయవలసి వచ్చింది. (సంఘం ఇంకా వెతుకుతోంది.) కాబట్టి ఫోటో సొంత వాకిట్లో, సొంతవాళ్ళ చేత, యాప్‌లో నమోదైన ఒకే ఒక్క డిజిటల్ కెమెరాతో తీయించుకోవాలి. ఒకసారి నమోదయ్యాక, భర్తను మార్చుకోవచ్చునేమో గాని కెమెరాను మార్చడం కుదరదు.

మాకు కెమెరా ఉంది. షెర్మత్ మేనమామ పెళ్లికి కానుకగా ఇచ్చింది. పెళ్లి రోజున అది నా ముసుగు మీది ఒక్కో కుట్టునీ చూపించింది. మర్నాడు పొద్దున నేను కొత్త కోడలిగా చుట్టాలందరికీ వంగి వంగి సలాములు చేస్తుంటే, నా నుదుటి మీది చెమట బొట్టుని కూడా వదల్లేదు. అలాంటి కెమెరాని నమ్మే నమోదు చేశాం. మా ఆడపడుచు ఫోటో తీసింది, షెర్మత్ పంపాడు.

“స్పష్టత చాలదు,” అంది యాప్. “ఫోటో దాఖలా నిమిత్తం భద్రపరచబడినది. మరల పంపుడు.”

చూస్తే నిజమే. పాల మీద మీగడ పేరుకున్నట్టు ఫోటో మీద ఏదో తెర. అందులో షెర్మత్ ఎవరో, ద్రాక్ష పందిరి గుంజ ఏదో పోల్చుకోవడానికి భార్యగా నాకే కాస్త సమయం పట్టింది.

“దిష్టి,” అన్నారు అత్తగారు సాలిహా, ఫోటో చూడకుండానే. “పెళ్లిలో ఎన్ని కళ్ళు చూశాయి దాంట్లోకి. మీ మామయ్య రెండో భార్య చూపొక్కటి చాలదూ?”

అని ఎప్పటిలాగే దిష్టి పొగకి వాడే ఇసిరిక్ ఆకు తెచ్చి నిప్పుల మీద వేశారు. మా ఇంట్లో చంటిపిల్లల నుంచి కుట్టుమిషను దాకా, పెళ్లి కానుకలతో సహా, ఆ పొగ పట్టనిది లేదు. అయితే అత్తగారిది పద్ధతిగా చేసే మనస్తత్వం.

“ఒరే షెర్మత్, దాన్ని ఆన్ చెయ్యి. కన్ను తెరవాలి.”

“ఎందుకమ్మా?”

“దిష్టి వెళ్ళింది కంట్లోంచి. కన్ను మూసుకుంటే ఎటు నుంచి బయటికొస్తుంది, నీ తలకాయలోంచా?”

షెర్మత్ ఆన్ చేశాడు. కెమెరా కన్ను ముందుకొచ్చి, రెప్ప తెరుచుకుని, పొగని తృప్తిగా పీల్చింది.

రెండో ఫోటో మొదటిదానికన్నా మసకగా వచ్చింది. “దాఖలా నిమిత్తం భద్రపరచబడినది,” అంది యాప్. ఇంత మొండి దిష్టిని తన జన్మలో చూడలేదని అత్తగారు ఆకు రెట్టింపు వేశారు. మేమూ ఊరుకోలేదు. ఇద్దరం చదువుకున్నవాళ్ళం. బ్యాటరీ మార్చాం, మెమరీ కార్డు మార్చాం, వెలుగు పెంచాం, తగ్గించాం, లోపలి అమరికలన్నీ చెరిపి మళ్ళీ మొదలుపెట్టాం. మసక మాత్రం క్రమశిక్షణతో పెరుగుతూ వచ్చింది. చివరికి ఒక ఫోటోలో నేను పూర్తిగా అదృశ్యమై, చెవిపోగులు మాత్రం మిగిలాయి.

అప్పుడు చిత్ర నాణ్యతా పరిష్కార కేంద్రానికి వెళ్ళాం. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి, ఆ కేంద్రంలో క్యూ అంటే నాకు ప్రాణం. కొత్త కోడలు మొగుడితో కలిసి ఊరికే వీధిలోకి వెళ్ళడానికి సవాలక్ష కారణాలు చెప్పాలి. “ఆఫీసులో పని” అంటే ఒక్కటీ చెప్పక్కర్లేదు. గోడ మీది తెర టోకెన్ నంబర్లను చూపుతోంది గాని, తెర కూడా మసకగా ఉండటం వల్ల ఎవరి వంతు వచ్చిందో జనమే మాట్లాడుకుని తేల్చుకుంటున్నారు. షెర్మత్ కాగితం పొట్లంలోంచి ఎండు ఆప్రికాట్లు తీసి గింజలు ఒలిచి నా చేతిలో పెడుతున్నాడు. మా వంతు తొందరగా వచ్చేసిందని బాధపడ్డాను.

కిటికీ వెనక రెండవ శ్రేణి స్పష్టతా నిపుణులు ఎర్గాషెవ్ గారు ఉన్నారు. (మొదటి శ్రేణి వారు ఎవరికీ కనిపించరు. అందుకే అది మొదటి శ్రేణి.)

“మసక ఎప్పటి నుంచి?”

“పెళ్లయిన దగ్గర్నుంచి,” అన్నాడు షెర్మత్.

ఎర్గాషెవ్ గారు అతన్ని జాలిగా చూశారు. “అది అందరికీ ఉండేదే తమ్ముడూ. నేనడిగేది కెమెరాకి.”

“దానికీ అప్పట్నుంచేనండీ.”

“లోపం కనిపించే ఫోటో తెచ్చారా?”

ఇచ్చాం. ఆయన కళ్ళజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. “ఇందులో ఏమీ కనిపించట్లేదే.”

“అదేనండీ లోపం,” అన్నాను.

“లోపమంటే స్పష్టంగా కనబడాలి చెల్లెమ్మా. మసగ్గా ఉంటే నేనేం రాయను? లోపాన్ని స్పష్టంగా ఓ ఫోటో తీసుకురండి. ఇదే కెమెరాతో.”

“ఇదే కెమెరాతో స్పష్టంగా వస్తే మీ దగ్గరికి ఎందుకొస్తామన్నా?”

“చూశారా, సగం సమస్య అక్కడే తీరిపోయింది.”

అయినా ఆయన దయగల మనిషి. మా ముఖాలు చూసి కెమెరాను లోపలికి తీసుకువెళ్ళి, ముద్ర వేసిన నిర్ధారణ పత్రంతో తిరిగొచ్చారు. “కెమెరా తనకు కనిపించినది కనిపించినట్లే చూపుచున్నది. మసక దంపతులలో ఉన్నది.”

“మా ఆవిడ మసకా?” అన్నాడు షెర్మత్. అతనికి కోపం వస్తే చెవులు ఎర్రబడతాయని ఆ రోజే తెలిసింది. దారంతా ఆ చెవులే చూస్తూ నడిచాను. గడువుకి ఇంకొక్క రోజే ఉందన్న సంగతి ఇల్లు చేరాక గాని గుర్తురాలేదు.

మేం వచ్చేసరికి అత్తగారు నిప్పులు సిద్ధం చేసి ఉంచారు. “ఆఫీసులో ఎంతమంది చూశారో ఏమో దాన్ని. ఇటివ్వు.”

ఆవిడ ఆకు కోసం లోపలికి వెళ్ళారు. నేను టీ గిన్నెలు తుడుస్తున్నాను. మా ఇంట్లో కోడలి చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డ ఉంటుంది, ఎదుట పడిన గుండ్రటి వస్తువునల్లా చెయ్యి దానంతట అదే తుడిచేస్తుంది. గిన్నె, గిన్నె, మూత, గిన్నె, కెమెరా కన్ను. చూస్తే గుడ్డ మీద బెల్లంపాకం రంగులో మరక. వాసన చూశాను. ఇసిరిక్.

మెత్తటి గుడ్డతో పూర్తిగా తుడిచి, షెర్మత్‌ని పందిరి కింద నిలబెట్టి నొక్కాను. అతని గడ్డం కింద పుట్టుమచ్చ, దాని మీద ఒంటరి వెంట్రుక. ఆ వెంట్రుకని చూసి అంత ఆనందపడ్డ స్త్రీ ఫెర్గానా లోయలో ఇంకొకరు ఉండరు.

“ఏవండీ, అత్తయ్య పొగ,” అన్నాను మెల్లగా.

షెర్మత్ గుడ్డని చూశాడు, గుమ్మం వైపు చూశాడు. “నువ్వు చెప్తావా?”

“కోడల్ని. మీరు చెప్పండి.”

“ఒక్కడే కొడుకుని. నేనెట్లా చెప్తా?”

అంతలో అత్తగారే వచ్చి ఫోటో చూసి తల పంకించారు. “చూశారా? పొగ అంటే నవ్వారు. ఆఖరికి దిగింది.”

మేమిద్దరం ఏకగ్రీవంగా అవునన్నాం. ఆడపడుచు మా ఇద్దరినీ ఫోటో తీసింది. నా కనుబొమల్ని ఒక్కొక్క వెంట్రుకగా లెక్కపెట్టుకోవచ్చు. పంపాం.

“స్పష్టత ఆమోదించబడినది,” అంది యాప్. షెర్మత్ నన్ను అమాంతం ఎత్తేశాడు, అత్తగారి ఎదుటే. నేను గాలిలో ఉండగా రెండో వాక్యం వచ్చింది. “అయితే ఫోటోలోని వ్యక్తులు దాఖలాలోని దంపతులతో సరిపోలుట లేదు.”

అతను నన్ను దించి సహాయ కేంద్రానికి ఫోన్ చేశాడు. ఫోన్ తీసిన అమ్మాయి గొంతు తేనెలా ఉంది.

“స్పష్టత బావుందన్నా. మనుషులే వేరు. మా దగ్గరున్న ఫోటోలన్నిట్లో కొంచెం బూడిదరంగుగా, అంచులు లేకుండా ఉంటారు వాళ్ళు.”

“అది మేమేనమ్మా. అప్పుడు కెమెరా బాగాలేదు.”

“కావచ్చన్నా. కానీ అన్ని ఫోటోల్లోనూ వాళ్ళే ఉన్నారు, మీరు ఒక్క దాంట్లోనే ఉన్నారు.”

“మరిప్పుడేం చెయ్యాలి?”

“కంగారు పడకండి. స్పష్టత గడి నిండిపోయింది కాబట్టి ఇక స్పష్టత అక్కర్లేదు. పోలిక గడి ఒక్కటే మిగిలింది. రేపు సాయంత్రంలోగా ఆ దంపతుల ఫోటో పంపేయండి, తాళం చెవి మీదే.”

షెర్మత్ ఫోను పెట్టి అమ్మ వైపు తిరిగాడు. “అమ్మా, ఇసిరిక్ ఇంకా ఉందా?”

“బోలెడుంది. మళ్ళీ ఎవరి కళ్ళు పడ్డాయిరా?”

“ప్రభుత్వానివి.”

ఆవిడ అయ్యో అనుకుంటూ నిప్పుల మీద బూడిద కప్పి రేపటికి దాచారు. రేపు పొద్దున టీలవగానే అత్తగారు కెమెరా కన్ను తెరిపించి ధారాళంగా పొగ వేస్తారు. ఆ పైన నేనూ షెర్మతూ, ప్రభుత్వం గుర్తుపట్టగల మనుషులమవుతాం.