మా లేఅవుటు సిటీలో కలవాలా, వద్దా? పార్టీని అడిగి చెప్తాం!

మాట మీద నిలబడే పార్టీ అంత డేంజర్ ఇంకోటి లేదప్పా! నవ్వద్దండి, సీరియస్సుగానే చెప్తాండా.

మా లేఅవుటు బెంగుళూరు అంచులో, కాడుగోడి దాటినాక వస్తాది. సిటీలో కలిస్తే కావేరి నీళ్ళ పైపు వస్తాదంట. కలవకుంటే పంచాయతీ బోరే గతి, అదీ ఎండిపోయి ఉండాది. కలవాలా, వద్దా? ఇంత కష్టమైన ప్రశ్నకి మామూలు మనిషి బుర్ర చాలతాదా? అందుకే పార్టీలుండేది!

నిరుడు అధికారంలో ఉండే పార్టీ "కలపాల్సిందే" అనింది. మా పక్కింటి స్టాన్లీది ఆ పార్టీ. "సిటీ అంటే డెవలప్‌మెంటు!" అని చర్చి మెట్ల మీద నిలబడి అరిచినాడు. ఎదురింటి చిక్కమునియప్పది రెండో పార్టీ. "ట్యాక్సు డబలైతాది, ఊరి పేరు పోతాది!" అని ఆయన టీ అంగడికాడ అరిచినాడు.

ఎలక్షనయింది, కుర్చీలు మారినాయి. దాంతో మాటలూ మారినాయి. ఇప్పుడు ఊరి పేరు కోసం కన్నీళ్ళు పెట్టుకొనేది స్టాన్లీ. డెవలప్‌మెంటు కావాలనేది చిక్కమునియప్ప. ఒకరి పాయింట్లు ఇంకొకరికి పనికొచ్చినాయి, ఒక్కటీ వేస్టు కాలా! ఇంత పొదుపు ఏ దేశంలో ఉండాది?

"నిరుడు కలపాలంటివి కదప్పా?" అని స్టాన్లీని అడిగితి.

"అప్పుడు నాకు సరిగ్గా అర్థం కాలా అన్నా."

"ఇప్పుడయిందా?"

"సాయంత్రం పార్టీ మీటింగ్ ఉండాది. అయినాక చెప్తా."

ఎంత నిజాయితీ!

ట్యాంకర్ క్యూలో నిలబడే నర్సు మార్త మాత్రం, "కలిపితే ఏమి, కలపకుంటే ఏమి అంకుల్? స్నానం లేకుండా డ్యూటీకి పోతాండా" అనింది. చూస్తిరా, పార్టీ లేని మనిషికి ఎంత కన్ఫ్యూజనో!

మా వీధిలో ఒక పద్ధతుండాది. పక్కింటోళ్ళు అర్జీ పేపరు తెస్తే చదవకుండా సంతకం పెట్టాల. చదివితే నమ్మకం లేదనుకుంటారు. "కలపండి" పేపరు చిక్కమునియప్ప తెచ్చినాడు, "కలపద్దు" పేపరు స్టాన్లీ తెచ్చినాడు. నూట నలభై ఇండ్లోళ్ళం రెండిటికీ పెట్టేస్తిమి. నేను మంచి పెన్నుతో పెట్టినా!

రెండు పేపర్లూ ఒకే రోజు ఒకే ఆఫీసరు టేబుల్ మీదికి పోయినాయి. ఆయన పేర్లు పోల్చి చూసినాడు. "అందరూ కావాలన్నారు, అందరూ వద్దన్నారు. ఇంత ఐకమత్యం నా సర్వీసులో చూళ్ళా" అని, పైపును పక్క లేఅవుటుకి రాసేసినాడు.

పాపం, ఆ పక్కోళ్ళలో లీడరనేవాడు ఒక్కడూ లేడంట. "కలపండి" అని ఒకే పేపరు రాసిచ్చి ఊరుకున్నారంట. అభిప్రాయం మార్చుకోకుండా ఎట్ల బతుకుతాండారో అని, వాళ్ళకి పైపు పడినాక నిన్న పోయి పలకరించినా.

మర్యాదస్తులే. రెండు బిందెలు నింపి పంపినారు.